పది కిలోల హన్మకొండ: డబ్లిన్‌కి పట్టుకెళ్ళిన పిండివంటల రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది హోటల్ రివ్యూ కాదు, పెద్ద దుకాణం రివ్యూ కూడా కాదు. హన్మకొండలో మా ఇంటికి నాలుగు సందుల అవతల ఒక అక్క ఇంట్లోనే పొడులు, తొక్కులు, సకినాలు చేసి అమ్ముతుంది. బోర్డు లేదు, బిల్లు పుస్తకం లేదు. గేటు మీద సుద్దముక్కతో ఫోన్ నంబర్ రాసి ఉంటుంది, వానొస్తే అదీ పోతుంది. అందరం పిండివంటల అక్క అనే అంటాం. మా గల్లీల్లో పిల్లలు వరసబెట్టి బయటి దేశాలకి పోతుండడం చూసి ఒక వాక్యూమ్ మిషన్ కొని 'ఫారిన్ ప్యాకింగ్' మొదలుపెట్టింది. 2024 సెప్టెంబరులో నేను ఎమ్మెస్సీకి డబ్లిన్ వెళ్ళేటప్పుడు ఆమె దగ్గర సరిగ్గా పది కిలోలు ప్యాక్ చేయించుకున్నా. ఏడాది పాటు అక్కడ తిని, మొన్న సెలవుకి ఇంటికొచ్చి రాస్తున్నా. ఆమె అరుగు మీద కూర్చుని తింటే అన్నీ బాగానే ఉంటాయి, దానికి రివ్యూ అక్కర్లేదు. ఆరుగురు ఉండే ఇంట్లో, ఒక్క పొయ్యి మీద, కిటికీ బయట అడ్డంగా వాన కొడుతుంటే ఏది నిలబడిందీ ఏది నిలబడలేదూ అన్నదే నేను చెప్పేది.

ఆర్డర్ ఇవ్వడానికి అమ్మా నేనూ పది రోజుల ముందు వెళ్ళాం. అక్క మొదటి ప్రశ్న "ఏ దేశం బిడ్డా?" ఐర్లాండ్ అన్నాను. "గది ఇంగ్లండే గదా" అంది. కాదక్కా, వేరే దేశం, అక్కడ యూరోలు నడుస్తాయి అంటే, "ఏదైతేంది, చలే గదా" అని నోట్‌బుక్‌లో 'చలి' అని రాసుకుంది. అప్పుడు నవ్వుకున్నాం. కానీ ఈ రివ్యూలో ఆమెకి తగ్గించబోయే మార్కులన్నీ ఆ ఒక్క మాట దగ్గర నుంచే మొదలయ్యాయి. డబ్లిన్‌లో మనం భయపడినంత చలి ఉండదు. మంచు కూడా పెద్దగా పడదు. ఉండేది తేమ. ఆరేసిన బట్టలు రెండు రోజులైనా ఆరవు, గోడ మూలల్లో నల్లగా బూజు పడుతుంది, ఉప్పు డబ్బాలో గడ్డకడుతుంది. అమెరికా పోయే పిల్లలకి ప్యాక్ చేసినట్టే నాకూ చేసి ఇచ్చింది, అదీ చిక్కు.

లిస్టు ఇది. కరివేపాకు పొడి, పల్లి కారం, కందిపొడి, నువ్వుల పొడి అర కిలో చొప్పున. మామిడికాయ, టమాట, చింతకాయ తొక్కులు తలా కిలో. సర్వపిండి (గిన్నెకి అద్ది కాల్చే కారం రొట్టె) కోసం కలిపిన పిండి రెండు కిలోలు, సకినాలు కిలోన్నర, సత్తుపిండి కిలో, గరిజెలు (కజ్జికాయలు) అర కిలో. ప్యాకింగ్‌కి 300 వేసుకుని మొత్తం 5,310 రూపాయలు తీసుకుంది. పది రూపాయలు కూడా తగ్గించలేదు. "మిరపకాయ రేటు చూసినవా" అని వరంగల్ ఎనుమాముల మార్కెట్ సంగతి ఎత్తిందంటే ఇక బేరం అయిపోయినట్టే. నిజానికి ఆ మామిడికాయ తొక్కు ఎర్రదనం చూస్తే బేరం ఆడబుద్ధి కాదు. చపాటా మిర్చి వాడుతుంది, టమాటలా లావుగా గుండ్రంగా ఉండే మన వరంగల్ రకం, రంగు మస్తుగా ఉంటుంది, కారం తక్కువ. 2025లో దానికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతం సరుకని ఇచ్చేది) కూడా వచ్చింది. డబ్లిన్‌లో నా సీసా చూసి ఇంత ఎరుపుకి ఏదైనా రంగు కలుపుతారా అని అడిగిన వాళ్ళున్నారు.

ఇక గొడవ పడ్డ విషయం. అక్క దగ్గర చికెన్ తొక్కు, మటన్ తొక్కు కూడా ఉంటాయి, లాభం కూడా వాటి మీదే ఎక్కువ అనుకుంటా, ఎందుకంటే నేను వద్దన్నకొద్దీ "ఏం కాదు బిడ్డా, అందరు తీస్కపోతున్నరు" అని మూడుసార్లు అంది. అందరూ తీసుకెళ్తున్నారేమో గానీ రూల్ మాత్రం సూటిగా ఉంది: యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, మాంసంతో చేసినవి, పాలు, పాలతో చేసినవి లగేజీలో తేకూడదు. ఐర్లాండ్ ఆ యూనియన్‌లోని దేశమే. అంటే చికెన్ తొక్కే కాదు, అమ్మ ప్రేమగా కాచిన నెయ్యి, కోవా, పాలకోవా కూడా లెక్కలోకి వస్తాయి. పచ్చి కరివేపాకు రెమ్మలు కూడా సర్టిఫికెట్ లేకుండా పట్టుకెళ్ళకూడదు, పొడి చేసి ఉంటే ఇబ్బంది లేదు. అక్క ఇది తెలుసుకోవాలి. ఫారిన్ ప్యాకింగ్ అని విడిగా డబ్బులు తీసుకుంటున్నప్పుడు ఏ దేశానికి ఏది పోదో తెలియాలి కదా. నా తర్వాత వచ్చిన కరీంనగర్ అమ్మాయి, ఇప్పుడు నా రూమ్మేట్, వాళ్ళమ్మ చేసిచ్చిన రెండు కిలోల చికెన్ తొక్కు తెచ్చింది. ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు తెరిపించి తీసి పక్కన పడేశారు. డబ్బులు పోయినందుకు కాదు, వాళ్ళమ్మ రాత్రంతా కూర్చుని ముక్కలు వేయించింది అని ఏడ్చింది.

లేబుల్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. అక్క ప్యాకెట్ల మీద నల్ల మార్కర్‌తో తెలుగులో 'పల్లి', 'చింత' అని రాస్తుంది. నన్ను ఎవరూ ఆపలేదు కాబట్టి బతికిపోయా. ఆపి ఈ ఎర్రటి ముద్ద ఏంటి, ఈ బూడిద రంగు పొడి ఏంటి అని అడిగితే నువ్వుల పొడి గురించి ఒక ఆఫీసరుకి ఎక్కడి నుంచి చెప్పడం మొదలుపెట్టాలి? ఇంట్లోనే తెల్ల కాగితం మీద ఇంగ్లీషులో పేరూ, దేంతో చేశారో రాసి అంటించుకోండి. ఐదు నిమిషాల పని.

ప్యాకింగ్‌కి ఐదుకి మూడు. పొడులు అద్భుతంగా వచ్చాయి, ఇటుక రాళ్ళలా గట్టిగా, ఒక్క గింజ బయటికి రాలేదు. తొక్కుల్లో టమాటది కారింది. వాక్యూమ్ మిషన్ గాలి లాగేటప్పుడు నూనె పైకొచ్చి అంటించే చోట తడి అయితే అది సరిగ్గా అతుక్కోదు, అదీ జరిగింది. హన్మకొండ నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి నేరుగా డబ్లిన్‌కి విమానం లేదు కాబట్టి మధ్యలో గల్ఫ్‌లో దిగి ఇంకోటి ఎక్కడం, ఈ విసురుళ్ళన్నీ తట్టుకుని చివరికి సూట్‌కేసు తెరిస్తే నా కొత్త హుడీకి టమాట తొక్కు వాసన. ఆ మరక పోగొట్టడానికి వేడినీళ్ళు కావాలి కదా, అక్కడ వేడినీళ్ళకి ఇమ్మర్షన్ అని గోడకి ఒక స్విచ్ ఉంటుంది. మన బకెట్‌లో పెట్టే రాడ్డు అనుకున్నా. కాదు, పైన అల్మారాలో పెద్ద రాగి ట్యాంకు ఉంటుంది, స్విచ్ వేసి మర్చిపోతే కరెంటు బిల్లు ఆరుగురి మీదా పడుతుంది. చేరిన మొదటి వారమే మర్చిపోయాను. ఆ ఇంట్లో నా పరిచయం అలా జరిగింది: ఇమ్మర్షన్ ఆపని అమ్మాయి, టమాట వాసన వచ్చే అమ్మాయి.

ఇప్పుడు పొడుల గురించి. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇవే. డబ్లిన్‌లో ఇల్లు దొరకడం అంటే ఏంటో వెళ్ళే వరకూ అర్థం కాదు. మొదటి మూడు వారాలు ఒక దూరపు చుట్టాల హాల్లో సోఫా మీద పడుకున్నా. ఫోన్లో పొద్దున్నా సాయంత్రం ప్రకటనలు చూడడం, మెసేజ్ పెట్టడం, జవాబు రాకపోవడం. ఒకాయన ఇల్లు చూపించకుండానే నెల అద్దె, డిపాజిట్ ముందు పంపమన్నాడు, ఫోటోల్లో ఇల్లు రాజమహల్‌లా ఉంది, మానేశా. చూడకుండా డబ్బు పంపిన ఇద్దరు నాకు తెలుసు, ఆ ఇల్లూ లేదు, ఆ మనిషీ లేడు. చివరికి దొరికింది ఇద్దరం పంచుకునే గది, నా వాటా నెలకి 650 యూరోలు. అప్పుడు యూరో 93 రూపాయల దగ్గర ఉంది, గుణించి చూసి అమ్మకి చెప్పలేదు. ప్రకటనలోనే ఒక షరతు: లైట్ కుకింగ్ మాత్రమే. అంటే వాసన వచ్చే వంట వద్దని మర్యాదగా చెప్పడం.

అద్దె ఇళ్ళలో పొగ అలారం తప్పనిసరి. మా ఇంట్లో అది వంటగది తలుపుకి సరిగ్గా ఎదురుగా ఉంది. మొదటిసారి పప్పుకి పోపు పెట్టాను, ఎండుమిర్చి నల్లబడే లోపే ఇల్లంతా మోగింది. పై గదిలో నైట్ డ్యూటీ చేసి పడుకున్న బ్రెజిల్ అబ్బాయి దుప్పటితోనే రోడ్డు మీదకి వచ్చాడు. ఆ రోజు తర్వాత అక్క పొడుల విలువ తెలిసింది. అందులో జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు అన్నీ హన్మకొండలోనే వేగిపోయి ఉంటాయి. పొగ మన గల్లీకి వదిలేసి రుచి మాత్రం అక్కడికి వచ్చింది. కుక్కర్‌లో అన్నం, పొడి, పదిహేను నిమిషాల్లో భోజనం, అలారం మోగదు, ఎవరూ ముక్కు మూసుకోరు. కరివేపాకు పొడికి ఐదుకి ఐదు. కందిపొడికీ అంతే. పల్లి కారం నాలుగున్నర, కొంచెం ఉప్పెక్కువ. నువ్వుల పొడి మాత్రం నాలుగు నెలలకి కాస్త పాత నూనె వాసన వచ్చింది, నువ్వుల నూనె అలాగే చేస్తుంది, అక్క తప్పు కాదు, పావు కిలో చాలని ఆమె చెప్పి ఉండాల్సింది.

నెయ్యి లేని పొడి అన్నం ఏం అన్నం అని మీరు అడగొచ్చు. నేనూ అదే బెంగ పెట్టుకున్నా. అయితే ఐర్లాండ్ వాళ్ళ వెన్న తిన్నారా మీరు? గడ్డి మేసిన ఆవులు, అందుకే వెన్న పసుప్పచ్చగా ఉంటుంది, మామూలు సూపర్ మార్కెట్‌లో దొరుకుతుంది. ఉప్పు లేనిది చూసి కొనుక్కొచ్చి సన్నని మంట మీద కాస్తే ఇరవై నిమిషాల్లో నెయ్యి. మా నానమ్మకి వీడియో కాల్‌లో ఆ రంగు చూపిస్తే "బర్రె నెయ్యి కాదు గానీ మంచిగనే ఉంది" అంది. అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు. కాబట్టి నెయ్యి పట్టుకెళ్ళి రూల్ తప్పాల్సిన అవసరమే లేదు.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. చదువుకునే వీసా మీద వెళ్ళిన మనకి స్టాంప్ 2 అని ఇస్తారు, కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకూ, డిసెంబరు 15 నుంచి జనవరి 15 వరకూ 40 గంటలు చేయొచ్చు. నేను వెళ్ళినప్పుడు కనీస వేతనం గంటకి 12.70 యూరోలు, 2025లో 13.50 అయింది. అంటే 20 గంటలకి 270. అందులో మొదటి జీతం చాలా తక్కువ వచ్చింది, ఎందుకంటే నా పీపీఎస్ నంబర్ (అక్కడి ఆధార్ లాంటిది) పన్నుల ఆఫీసులో ఇంకా నమోదు కాలేదు, అలా ఉంటే ఎమర్జెన్సీ ట్యాక్స్ అని గట్టిగా కోస్తారు. తర్వాత తిరిగిచ్చారు లెండి, కానీ ఆ నెల ఐఆర్‌పీ కార్డుకి (అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి కార్డు) 300 యూరోలు కట్టాల్సింది కూడా అప్పుడే వచ్చింది. బయట ఒక బిర్యానీ తింటే గంట కూలి పోతుంది, అదీ మన బిర్యానీ కాదు, ఏదో పసుపన్నం. కందిపొడి అర కిలో 300 రూపాయలు పెట్టి కొన్నా, రెండు నెలలు వచ్చింది. వీసా కాగితాల్లో 10,000 యూరోలు చూపించిన మనిషిని, నవంబరులో చిల్లర కోసం ఖాళీ సీసాలు పోగేసుకున్నా, అక్కడ ఖాళీ ప్లాస్టిక్ సీసా, డబ్బా సూపర్ మార్కెట్ మిషన్‌లో వేస్తే చిన్నవాటికి 15 సెంట్లు, పెద్దవాటికి 25 తిరిగిస్తారు. నామోషీ ఏం లేదు, అందరూ వేస్తారు.

దుప్పటితో రోడ్డు మీదకొచ్చిన బ్రెజిల్ అబ్బాయికి క్షమాపణగా పల్లి కారం ఒక చిన్న గిన్నెలో ఇచ్చాను. వాళ్ళు రోజూ అన్నం, చిక్కుడు గింజల కూర తింటారు, పైన ఫరోఫా అని వేయించిన కర్రపెండలం పిండి చల్లుకుంటారు. మన పల్లి కారం అచ్చం అలాగే చల్లుకుని తిన్నాడు. ఆ తర్వాత నెలకోసారి తనే అడిగేవాడు. అక్కడ దొరికే ఎర్ర తొక్క ఆలుగడ్డ, రూస్టర్ అంటారు, ఉడకబెట్టి వెన్నా కరివేపాకు పొడీ వేసి కలిపితే దానికదే ఒక కూర. ఇది నేను కనిపెట్టింది, ఎవరైనా ముందే కనిపెట్టామంటే ఒప్పుకోను.

సకినాల దగ్గర మనసుకి కష్టమైంది. రుచిలో అక్క సకినానికి వంక పెట్టలేం, వాము, నువ్వులు సరిగ్గా, చుట్లు సన్నగా, నూనె పీల్చదు. కానీ స్వీట్ షాపు అట్టపెట్టెలో పెట్టి ఇచ్చింది! కిలోన్నరలో నిలబడినవి పద్నాలుగు. మిగతాదంతా నూకలు. సకినం అంటే చుట్లు చుట్లుగా విరుచుకుని తినాలి, చెంచాతో కాదు. సరే నూకలే తిందామని ప్యాకెట్ తెరిచి రబ్బరు బ్యాండు వేసి పెట్టాను, రెండో రోజుకి మెత్తబడిపోయాయి, తడి గుడ్డ నమిలినట్టు. అదే ఇంట్లో, అదే గదిలో, హీటర్ పక్కన మా ఆరుగురి బట్టలూ ఆరుతుంటాయి మరి, గాలిలో ఆ తేమంతా ఎక్కడికి పోతుంది. గరిజెలు ఇంకా ఘోరం, మూడు రోజుల్లో పైపొర తోలులా సాగింది. తర్వాత తెలుసుకున్నా, వంద గ్రాముల చొప్పున చిన్న చిన్న ప్యాకెట్లు చేయించుకోవాలి, తెరిచింది ఆ పూటే అయిపోవాలి. మెత్తబడినవి ఓవెన్‌లో ఐదు నిమిషాలు పెడితే చాలావరకు లేచొస్తాయి. సకినాలకి రుచిలో ఐదు, ప్యాకింగ్‌లో ఒకటి. సగటు మీరే వేసుకోండి.

సత్తుపిండి నేను తీసుకుంటానన్లేదు, అమ్మ బలవంతం. నేను వెళ్ళిన ఏడాది సద్దుల బతుకమ్మ అక్టోబరు 10న వచ్చింది. అప్పటికి నేను వెళ్ళి నెల. ప్రతి ఏడాది ఆ పూట వేయిస్తంభాల గుడి దగ్గర కాలు పెట్టే సందు ఉండదు, మా వీధి ఆడవాళ్ళంతా పట్టుచీరల్లో పోతుంటే వెనకాల తమ్ముడు పళ్ళెం మోసుకుంటూ తిట్టుకుంటూ వస్తుంటాడు. డబ్లిన్‌లో ఆ రోజు గురువారం, నాకు సాయంత్రం ఐదు దాకా ల్యాబ్. ఇంటికొచ్చేసరికి కరీంనగర్ అమ్మాయి సూపర్ మార్కెట్ నుంచి మూడు కట్టలు చామంతులు తెచ్చి కూర్చుంది. తంగేడు లేదు, గునుగు లేదు, గుమ్మడాకు లేదు. కేకు పెట్టే ప్లేటు మీద చామంతులతోనే ఒక చిన్నది పేర్చాం, జానెడు కూడా లేదు, పైన గౌరమ్మని పెట్టాం, పెరట్లో సన్నటి వానలో ఇద్దరం చుట్టూ తిరిగాం. పాట సగం వచ్చు, సగం ఫోన్ చూసి. తర్వాత అక్క కట్టిచ్చిన మూడు పొట్లాలు తెరిచాం, నువ్వులది, పల్లీలది, పెసరపప్పుది. పొడులన్నిట్లోకీ ఒక్క రవ్వ కూడా చెడకుండా వచ్చింది ఇదే. బ్రెజిల్ అబ్బాయి, పక్క గది ఐరిష్ అమ్మాయి కూడా పెరట్లోకి వచ్చి చేయి చాచారు, ఆ అమ్మాయి తిని "గ్రాండ్" అంది. అక్కడ గ్రాండ్ అంటే బ్రహ్మాండం అని కాదు, పర్లేదు, బాగానే ఉంది అని. వర్షం పర్లేదు అన్నా గ్రాండే, పరీక్ష ఎలా ఉంది అన్నా గ్రాండే. నాకు అది తెలియడానికి రెండు నెలలు పట్టింది. సత్తుపిండికి మార్కులు వేయను, అమ్మకి వెళ్ళాలి అవి.

సర్వపిండి మిక్స్ మాత్రం అక్క బుర్రలో మెరిసిన గొప్ప ఆలోచన. బియ్యప్పిండి, నానబెట్టి ఆరబెట్టిన శనగపప్పు, నువ్వులు, దంచిన పల్లీలు, కారం, ఉప్పు అన్నీ కలిపే ఇస్తుంది. ఉల్లిగడ్డా కొత్తిమీరా కోసి నీళ్ళు పోసి కలపడమే. కరీంనగర్ అమ్మాయి దాన్ని గిన్నప్ప అంటుంది, మేం ఒప్పుకోం, దీని మీద మా ఇంట్లో ఇప్పటికీ పంచాయితీ నడుస్తుంది. మన లోతు గిన్నెకి అద్దడం అక్కడ కుదరదు, గాజు పలక లాంటి కరెంటు పొయ్యి, అడుగు సమంగా ఉన్న పాత్రే వేడెక్కుతుంది. చదును పెనం మీద అద్ది, నాలుగు చిల్లులు పెట్టి, మూత పెట్టి సన్నగా కాల్చాలి. పొగ రాదు, అలారం మోగదు.

దాని అసలు పరీక్ష డిసెంబరు 25న జరిగింది. క్రిస్మస్ రోజు డబ్లిన్‌లో బస్సుల్లేవు, ట్రామ్ లేదు, రైలు లేదు, దుకాణాలు మూత. ముందే కొని పెట్టుకోవాలని అందరూ చెప్తూనే ఉన్నారు, ఆ నెలలో 40 గంటల పని దొరికింది కదా అని డ్యూటీలు చేసుకుంటూ నేను పట్టించుకోలేదు. ఫ్రిజ్‌లో రెండు ఉల్లిగడ్డలు, సగం వెన్న. సాయంత్రం నాలుగుంపావు కాకముందే పొద్దు గూకింది. ఆ రోజు మధ్యాహ్నం సర్వపిండి, రాత్రి సర్వపిండి, మామిడికాయ తొక్కు. మర్నాడు పొద్దున కూడా అదే తిన్నాం, అప్పటికి కొంచెం విసుగొచ్చింది, నిజం చెప్పాలి కదా. అయినా ఐదుకి ఐదు. చింతకాయ తొక్కు గురించి చెప్పడం మర్చిపోయా, అది కూడా ఐదు, జలుబుతో నోరు చచ్చిపోయినప్పుడు ఒక్కటే పనిచేసింది. అక్కడ డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్తే నాకు 60 యూరోలు అయ్యాయి, వేడి నీళ్ళు తాగి పడుకోమని చెప్పి పంపారు.

జనవరిలో మళ్ళీ ఆర్డర్ ఇచ్చా, ఈసారి కొరియర్‌లో. ఐదు కిలోలకి కొరియర్ ఖర్చు 5,200 రూపాయలు, లోపలి సరుకు ఖరీదు దానికి సగం. పైగా సంక్రాంతి సీజన్, అక్క చేతిలో మనుషులు లేరు, రేపు మాపు అంటూ పదహారు రోజులు తిప్పింది. నాన్న నాలుగుసార్లు వెళ్ళొచ్చాడు. నాలుగోసారి వెళ్ళినప్పుడు ఆయనకే ఒక పళ్ళెం సకినాలు పెట్టి కూర్చోబెట్టిందట, వచ్చాక ఆయన కోపం పోయింది, నా కోపం పోలేదు. సెమిస్టర్ రిజల్టు కూడా అప్పుడే వచ్చింది, 64 అని చెప్తే నాన్న ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. మా కాలేజీలో 40 వస్తే పాసు, 70 దాటితే ఫస్ట్ క్లాసు, 64 అంటే మంచి మార్కే అని అర్థం చేయించేసరికి నా ఫోన్ చార్జింగ్ అయిపోయింది. కొరియర్ సర్వీసుకి రెండు. వెళ్ళేటప్పుడే సరిపడా తీసుకెళ్ళండి, చలికోట్లు అక్కడ కొనుక్కోవచ్చు, గాలికి గొడుగు ఎలాగూ తిరగబడుతుంది, దాన్ని ఇంట్లోనే వదిలేసి ఆ చోట్లో ఇంకో కిలో పొడి పెట్టుకోండి.

అక్క దగ్గర కొనకూడనివి కూడా ఉన్నాయి. చింతపండు, కందిపప్పు, పసుపు, ఇడ్లీ రవ్వ ఆమె అమ్ముతుంది, ప్యాక్ చేసి కూడా ఇస్తుంది, కానీ ఇవన్నీ డబ్లిన్‌లో మన సరుకుల దుకాణాల్లో దొరుకుతాయి, సోనా మసూరి బియ్యం సంచులు కూడా. మూర్ స్ట్రీట్ వైపు వెళ్తే పచ్చిమిరపకాయలు, కరివేపాకు కూడా చూశాను, ధర అడిగి వెనక్కి పెట్టేశా, అది వేరే విషయం. బరువంతా పొడులకీ సర్వపిండికీ వదలండి. తొక్కులు కిలో కాకుండా పావు కిలో ప్యాకెట్లు చేయించండి, వాటిని ఒక గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి టేపు వేసి, ఆ డబ్బా చుట్టూ మీకు ఇష్టం లేని బట్టలు చుట్టండి. సకినాలు కావాలంటే స్టీలు డబ్బా మీరే తీసుకెళ్ళి ఆమెకి ఇవ్వండి, అట్టపెట్టె తెస్తే వద్దని చెప్పండి, వినదు, మళ్ళీ చెప్పండి.

మొన్న వెళ్ళి ఇవన్నీ ఆమెకే మొహం మీద చెప్పాను. చికెన్ తొక్కు సంగతి విని "గట్లనా, నాకెవ్వరు చెప్పలే బిడ్డా" అని నోట్‌బుక్ తీసి 'ఐర్లాండ్' అని రాసి, పక్కన ఉన్న 'చలి' కొట్టేసి 'తేమ, చికెన్ వద్దు' అని రాసుకుంది. చిన్న ప్యాకెట్లకి మాత్రం ప్యాకింగ్ 300 కాదు, 450 అవుతుందట. మొత్తం మీద ఐదుకి నాలుగు ఇస్తున్నా. నేను ఈసారి ఆరు కిలోల పొడులు, మూడు కిలోల సర్వపిండి కావాలని చెప్పి వచ్చాను.

ఇప్పుడు సంక్రాంతికి నెల ముందు నుంచి, దసరాకి పదిహేను రోజుల ముందు నుంచి ఆమె కొత్త ఆర్డర్లు తీసుకోవట్లేదు, సెప్టెంబరు ఇన్‌టేక్‌కి వెళ్ళేవాళ్ళు ఆగస్టు మొదట్లోనే చెప్పుకోండి. ఫోన్ ఎత్తకపోతే పిండి కలుపుతున్నట్టు లెక్క, ఇంటికెళ్ళి గేటు కొట్టండి. కుక్క ఉంది, అరుస్తుంది అంతే.